చూపించింది సోమా నోనా కాదు

నా నోరు పెద్దదని మైపాడులో అందరూ అంటారు. బస్సు కండక్టరు మొదలుకొని పంచాయతీ ప్రెసిడెంటు దాకా నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్ళు లేరు. ఎవరికి చెప్పాల్సింది వాళ్ళ మొహానే చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా మాట మార్చేస్తాను. ఎందుకంటే ఒక్క మాట, పదేళ్ళుగా, ఈ నోట్లోంచి బయటికి రాలేదు. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతావన్నీ చెప్పుకున్నాను. మోసే కొద్దీ అలవాటవుతుందనుకున్నాను. కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఎదురుగా కూర్చుని ఉంటే మీతోనూ వాదించేదాన్ని, నన్ను నేను వెనకేసుకొచ్చేదాన్ని, చివరికి నాదే సరి అని మీ చేత అనిపించేదాన్ని. అది నాకు చేతనైన పని. ఆ పని చెయ్యకుండా చెప్పాలని కూర్చున్నాను.

అప్పట్లో మేం కొలంబోలో ఉండేవాళ్ళం. మా ఆయన రేవు దగ్గర ఒక ఓడల కంపెనీలో గుమాస్తా. నేను మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని; అక్కడ చెయ్యడానికి ఉద్యోగం లేక, ఇంట్లో కూర్చుని పేపర్లన్నీ చదివి, ఆయన చెప్పులు విడిచేలోగా వాటిమీద పోట్లాట పెట్టుకునేదాన్ని. పిల్లలు లేరు. సముద్రానికి దగ్గరలో ఒకే వరసలో మూడిళ్ళు ఉండేవి. నడిమి ఇల్లు మాది. మూడూ సోమా నోనావే. నోనా అంటే అక్కడ అమ్మగారు అన్నట్టు. ఆవిడ సింహళావిడ, భర్త పోయినావిడ, చాలా ఏళ్ళు మంత్రసానిగా పనిచేసి మానుకుంది. మొదటి ఇంట్లో తనుండేది. మూడో ఇంట్లో రాజేశ్వరి, ఆమె భర్త శివపాదం గారు, నాలుగేళ్ళ కూతురు. ఆ దేశంలో ఉత్తరాన యాళ్పాణం అనే ఊరుంది. వాళ్ళు ఆ వైపు అరవవాళ్ళు. శివపాదం గారు టెలిగ్రాఫ్ ఆఫీసులో మీట తట్టే ఉద్యోగి. అన్నం తినేటప్పుడు కూడా ఆయన కుడిచేతి వేళ్ళు విస్తరి అంచుమీద తట్టుతూనే ఉంటాయని రాజేశ్వరి నవ్వేది.

రాజేశ్వరికీ నాకూ రోజూ పోట్లాటే. పెరటి గోడ మీదుగా గిన్నెలు మార్చుకుంటూ పోట్లాడుకునేవాళ్ళం. మేం మాట్లాడుకున్నది అరవంలో. హాస్టల్లో నేర్చుకున్నదే నాకు అక్కరకొచ్చింది.

"మీ నెల్లూరోళ్ళు సగం మావాళ్ళేనక్కా. ఈ పులుసులో చింతపండు తగ్గించి కాసిని కొబ్బరిపాలు పోస్తే చాలు, మా ఊరు వచ్చేసినట్టే" అనేది.

"నీ కొబ్బరిపాలు నీ మొగుడి నెత్తిన పొయ్యి. చేపల్ని పాయసం కాచుకునే మీకు పులుసు సంగతేం తెలుసు?" అనేదాన్ని.

ఆమె పడీపడీ నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. ఆ 'సగం మావాళ్ళే' అన్న ముక్క నాకు ముల్లులా దిగేది. మీది నెల్లూరు వైపే అయితే మీకు వేరే చెప్పక్కర్లేదు. సరిహద్దు పక్కన పుట్టినవాళ్ళకే ఈ పట్టింపు ఎక్కువ. మద్రాసు మనకు దక్కలేదన్న కడుపుమంట నాలో అప్పటికింకా చల్లారలేదు. పైగా ఎక్కడికి పోయినా మమ్మల్ని అరవవాళ్ళ కింద జమకట్టేవాళ్ళు. రైల్లో, హాస్టల్లో, కొలంబో వచ్చిన ఓడ మీద, ఎవరు ఆ మాటన్నా నేను ఊరుకునేదాన్ని కాదు. మేం అరవవాళ్ళం కాదు, తెలుగువాళ్ళం, మా భాష వేరు, మా లిపి వేరు, మా రాష్ట్రం వేరు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఆ ఏడు అక్కడ భాష గొడవ ముదిరింది. సింహళమొక్కటే ప్రభుత్వ భాష అని ఒకళ్ళు, మరి మా సంగతేమిటని అరవవాళ్ళు. మొదట ఊరేగింపులు, ఆ తరవాత రాళ్ళు, ఆ తరవాత ఇళ్ళు తగలబడటం. అప్పుడు కర్ఫ్యూ పెట్టారు. మొదటి రోజుల్లో ఆ కర్ఫ్యూ మాలాంటివాళ్ళని ఇళ్ళల్లో కూర్చోబెట్టింది గానీ, కర్రలు పట్టుకున్నవాళ్ళని కూర్చోబెట్టలేదు. రేడియో గంటగంటకూ శాంతి శాంతి అనేది. కిటికీలోంచి చూస్తే దూరంగా పొగ కనిపించేది.

సోమా నోనా ఒక పెద్ద తాళంకప్ప పట్టుకుని వచ్చింది. రాజేశ్వరి వాళ్ళని లోపలుంచి, వీధి తలుపుకు బయట తాళం వేసింది. గుమ్మం ముందు ముగ్గు తనే నీళ్ళు పోసి కడిగింది. పేరు రాసిన చెక్క పీకేసింది. వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారని, ఇల్లు ఖాళీ అని ఎవరడిగినా చెబుతానంది. ఆ తరవాత నా గుమ్మం దగ్గరికొచ్చింది. ఆవిడకొచ్చిన అరవంలో, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు కలిపి చెప్పింది.

"నువ్వూ ముగ్గు కడిగెయ్యి నోనా. బొట్టు తుడిచెయ్యి. కొన్నాళ్ళే."

"వాళ్ళు వెతికేది అరవవాళ్ళని కదా? నేను అరవదాన్ని కాను. నేనెందుకు తుడవాలి?"

"ముగ్గు చూసి వస్తారు. ముగ్గుకు భాష ఉండదు."

నేను వినలేదు. బొట్టు తుడుచుకోమన్న మాటకే నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు బతికుండగా తుడుచుకోవడమేమిటని ఒక కారణం చెప్పాను. అసలు కారణం అది కాదు. నేను కానిదానికి నేనెందుకు దాక్కోవాలన్నది అసలు కారణం. మా ఆయన కూడా చెప్పి చూశారు.

"ముగ్గెయ్యకపోతే ఏం బోతాదే? రొండు దినాలు గమ్మునుండు."

"మీరందరూ ఇట్టా గమ్మునుండబట్టే మద్రాసు పోయింది."

"మద్రాసు నేనా పోగొట్టినాను!" అని ఆయన నెత్తి కొట్టుకుని, కర్ఫ్యూ సడలించిన గంటల్లో ఆఫీసుకు వెళ్ళారు. తిరిగి వచ్చేలోగా మళ్ళీ కర్ఫ్యూ బిగించేశారు. ఆ రాత్రికి ఆయన రేవులోనే చిక్కుకుపోయారు.

మర్నాడు పొద్దున నేను ముగ్గు వేశాను. రోజూ వేసేదానికంటే పెద్దది. మెలికల ముగ్గు. వేస్తున్నప్పుడు భయం లేదు. పైగా ఒకరకమైన సంతోషం. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగినదాన్ని భయం మీదికి నెట్టేద్దామని నేను చాలా ఏళ్ళు చూశాను. భయపడి అన్నానంటే మీరు క్షమిస్తారు. నేనూ క్షమించుకునేదాన్నేమో. కానీ ఆ పొద్దున నేను భయపడలేదు.

పొద్దెక్కాక వాళ్ళొచ్చారు. పదిహేనుమంది ఉంటారేమో. కర్రలు, గడ్డపారలు. ముందు సోమా నోనా ఇంటి ముందు ఆగారు. ఆవిడ అరుగు మీదికొచ్చి సింహళంలో ఏదో గట్టిగా చెప్పింది. మూడో ఇంటివైపు చెయ్యి ఊపి, వెళ్ళిపోయారన్నట్టు చూపించింది. వాళ్ళు తాళంకప్పను చూశారు. నమ్మారు. వెనక్కి తిరుగుతున్నారు కూడా. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడు ఒకడు నా ముగ్గు చూశాడు.

తలుపు కొట్టారు. తెరిచాను. ముందు నిలబడ్డవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏ బ్యాంకులోనో కౌంటర్లో కూర్చునేవాడిలా ఉన్నాడు. చేతిలో కర్ర కూడా లేదు. ఇంగ్లీషులో మాట్లాడాడు, మర్యాదగా.

"మీరు తమిళులా?"

"కాదు. ఆంధ్రులం. ఇండియా నుంచి వచ్చాం."

"ముగ్గు వేశారు. బొట్టు పెట్టుకున్నారు."

"ఇండియాలో సగం దేశం బొట్టు పెట్టుకుంటుంది. మీరు భూగోళం చదువుకోలేదా?"

ఆ మాటకు అతను నవ్వాడు. వెనకవాళ్ళకు తర్జుమా చేసి చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. నా ఇంగ్లీషు వాళ్ళకు వినోదంగా ఉంది. నాకు అది తెలుస్తోంది, ఒళ్ళు కాలుతోంది. నేను ఇంకా గొంతు పెంచాను. మా భాషకూ వాళ్ళ భాషకూ సంబంధం లేదన్నాను. మా లిపి వేరన్నాను. వాళ్ళతో మాకే పెద్ద తగవుందన్నాను. గుమ్మంలో నిలబడి, కర్రలు పట్టుకున్నవాళ్ళకు నేను పాఠం చెప్పాను.

అతను అంతా విని, భుజాలెగరేసి అన్నాడు. "మాకు మీరంతా ఒకటే."

"ఒకటెట్లా అవుతాం? తమిళులంటే వాళ్ళు" అన్నాను.

చెయ్యి చాచి మూడో ఇంటిని చూపించాను.

ఎన్నిసార్లు ఆ చెయ్యిని వెనక్కి లాక్కుని చూశానో. అది దానంతటదే లేచిందా? నోరు అంటుంటే చెయ్యి లేవడం అలవాటేనా? అక్కడ మనుషులున్నారన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుందా లేదా? ఉంది. తాళం వెనక రాజేశ్వరి కూతురి నోరు మూసి పట్టుకుని కూర్చుందని నాకు తెలుసు. తెలిసిన మనిషికి ఆ సంగతి ఎక్కడికి పోయింది? ఆ ఒక్క క్షణం నాకు వాదన తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇంకొకటి కూడా రాసేస్తాను. ఆ మాట అనగానే నాకు నెగ్గినట్టు అనిపించింది. కనురెప్ప వేసేంతసేపు. అంతే. కానీ అనిపించింది.

"థాంక్యూ మేడం" అన్నాడతను.

తాళం విరగ్గొట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. సోమా నోనా అరుచుకుంటూ అడ్డం పరిగెత్తింది. ఆవిడను తోసేశారు. నేను తలుపు వేసేసుకున్నాను. ఆ తరవాత నేను చూసింది లేదు, విన్నదే. కాసేపటికి పెరటి తలుపు మీద అరచేతుల చప్పుడు. రాజేశ్వరి గోడ దూకి, పిల్లను చంకలో వేసుకుని నిలబడి ఉంది. లోపలికి లాక్కున్నాను. బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టి పాత దుప్పటి కప్పాను. తల్లీకూతుళ్ళు గోడ దూకేదాకా శివపాదం గారు లోపలినుంచి తలుపు నెట్టిపట్టి నిలబడ్డారట. తలుపు విరిగి మీద పడ్డప్పుడు కుడిచెయ్యి దాని కింద నలిగింది.

ఆ గుంపు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఎందుకొస్తారు? మేం అరవవాళ్ళం కాదని నేను రుజువు చేశాను కదా.

మిలిటరీ లారీ చప్పుడు వినపడి వాళ్ళు పారిపోయాక, సోమా నోనా శివపాదం గారిని మా వంటింట్లోకి పట్టుకొచ్చింది. ఆవిడ మోకాళ్ళు రెండూ చీరుకుపోయి రక్తం కారుతోంది. తన మోకాళ్ళు చూసుకోకుండా ఆయన చేతికి కట్టు కట్టింది. వేళ్ళను ఒక్కొక్కటీ సరిచేసి గుడ్డ చుట్టింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వేడినీళ్ళు అందిస్తే నా చేతిలోంచి తీసుకోలేదు. కింద పెట్టాక తీసుకుంది.

ఆవిడ వెళ్ళాక రాజేశ్వరి నా పక్కన చేరింది.

"నువ్వు వాళ్ళతో ఇంగ్లీషులో వాదిస్తుంటే విన్నానక్కా. ఎంతసేపు ఆపావు మాకోసం! ఆ కాస్త ఆలస్యం లేకపోతే వెనకతలుపు గడియ తీసే వ్యవధి కూడా ఉండేది కాదు."

ఆమెకు ఇంగ్లీషు రాదు. నా గొంతు మాత్రమే విన్నది.

"తాళం వేసి ఉంది కదా. లోపల మనుషులున్నారని ఎవరు చెప్పుంటారక్కా? ఆ సంగతి తెలిసింది ఆవిడకూ మీ ఇద్దరికీ మాత్రమే కదా." మళ్ళీ తనే అంది. "ఆవిడే. ఎంతైనా వాళ్ళ మనిషి. ఇప్పుడు పాపం కడుక్కోవడానికి కట్టు కట్టి పోయింది."

"ఏమో" అన్నాను.

చూపించినప్పుడు కనురెప్ప పాటులో జరిగిపోయిందని చెప్పుకోవచ్చు. ఈ 'ఏమో' అలా కాదు. ఆలోచించాను. పిల్ల నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది. నిజం చెబితే ఆ చెయ్యి వదిలేస్తుంది. అది లెక్క చూసుకునే అన్నాను ఆ రెండక్షరాలు.

రెండు రోజుల తరవాత వాళ్ళని శిబిరానికి తీసుకుపోవడానికి లారీ వచ్చింది. అక్కణ్ణించి ఓడలో యాళ్పాణానికి. ఎక్కబోతూ రాజేశ్వరి వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. సోమా నోనా తన అరుగు మీద నిలబడి చూస్తోంది. రాజేశ్వరి ఆవిడ వైపు చూసి మొహం తిప్పుకుంది. ఆవిడ ఏమీ అనలేదు. ఒక్క మాట అనొచ్చు. నాలాగా చెయ్యి చాచి నన్ను చూపించొచ్చు. ఎందుకు అనలేదు? ఆ ఇల్లాలికి ఆసరాగా ఉన్న ఒక్క నమ్మకాన్నీ లాగెయ్యడం ఎందుకనుకుందా? చెప్పినా నమ్మరనుకుందా? నాకిప్పటికీ తెలియదు. వాదించని మనుషులు నాకెప్పుడూ అర్థం కాలేదు.

నెల తిరక్కుండా ఆవిడ మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంది. కారణం చెప్పలేదు.

"చూసినావా, ఇప్పుడు మన మీద పడింది. ఒగర్ని పట్టిచ్చింది చాలదని" అన్నారు మా ఆయన. రాజేశ్వరి మాట ఆయనకూ ఎక్కింది. అప్పుడూ నేను ఊరుకున్నాను. జన్మలో మొదటిసారి మా ఆయన మాటకు ఎదురు చెప్పకుండా ఊరుకున్నది అప్పుడే.

తరవాత మేం ఆ ఊరు విడిచి మైపాడు వచ్చేశాం. నా సంగతి నాకంటే ముందే వచ్చింది. గుండాలను గుమ్మంలో నిలబెట్టి ఇంగ్లీషులో దులిపేసి ఒక కుటుంబాన్ని కాపాడిన ఇల్లాలు. మా ఆయన చెప్పుకున్నారు, చుట్టాలు చెప్పుకున్నారు. మహిళా మండలి వాళ్ళు దండ వేశారు. అలాంటిదేమీ లేదండీ అన్నాను. అణకువ అనుకున్నారు. నా జీవితంలో నాకు అణకువ అంటగట్టింది ఆ ఒక్కరోజే.

ఇన్నాళ్ళూ మోసినదాన్ని ఇప్పుడెందుకు దించుతున్నానంటే, పోయిన మాఘంలో రాజేశ్వరి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ తిరుపతికి వచ్చి, పనిగట్టుకుని నెల్లూరు మీదుగా మైపాడు బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇల్లంతా చుట్టాలతో నిండిపోయింది. అన్నాలు వడ్డించాను. శివపాదం గారు ఎడం చేత్తో, చెంచాతో తిన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ వేళ్ళు కదలవు. టెలిగ్రాఫ్ ఉద్యోగం అప్పుడే పోయింది, ఇప్పుడు తమ్ముడి కొట్లో కూర్చుంటున్నారు. పులుసు బాగుందన్నారు. కొబ్బరిపాలు పోయకపోయినా బాగుందని రాజేశ్వరి నవ్వింది. నేను మళ్ళీ వడ్డించే వంకతో వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

నేను తిరిగొచ్చాక మా ఆడబిడ్డ రాజేశ్వరిని అడిగింది.

"అయితే ఎవురమ్మా మిమ్మల్ని పట్టిచ్చింది? ఏ ముండకు పుట్టిందమ్మా ఆ బుద్ధి?"

రాజేశ్వరికి తెలుగు రాదు. ఆ యాళ్పాణం అరవం మా వాళ్ళకు అందదు. ప్రశ్నను నేనే అరవంలో అడిగాను. ఆమె జవాబు చెప్పింది. అందరూ నా మొహంలోకి చూశారు.

"ఇల్లుగలావిడంట. సోమా నోనా" అన్నాను.

అప్పటిదాకా నేను అబద్ధం చెప్పలేదు. ఊరుకున్నాను, 'ఏమో' అన్నాను, అలాంటిదేమీ లేదన్నాను. ఆ పొద్దు నా నోటితో, నా తెలుగులో, ఆవిడ పేరు చెప్పాను. తర్జుమా చేశానంతే అని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆడబిడ్డ ఆవిడ వంశమంతటినీ తిట్టింది. ఆ తిట్లు రాజేశ్వరికి తర్జుమా చెయ్యమంది. చేశాను.

వాళ్ళని సాయంత్రం బస్సెక్కించి వచ్చాక అన్నం తినలేకపోయాను. మర్నాడూ తినలేకపోయాను. చేపల వాసన పడటం లేదన్నాను. మైపాడులో చేపల వాసన పడకపోవడమేందని మా ఆయన నవ్వారు.

చూపించింది సోమా నోనా కాదు. తాళం వేసి, ముగ్గు కడిగి, అబద్ధం చెప్పి, అడ్డం పడి, మోకాళ్ళు చీరుకుపోయిన మనిషి ఆవిడ. చూపించింది నేను. ఎవరూ నన్ను బెదిరించలేదు, కొట్టలేదు. ఒక వాదన నెగ్గడం కోసం చూపించాను.

రాసేశాను. ఇది ధైర్యమని మీరనొద్దు. సోమా నోనా ఉందో పోయిందో తెలియదు. ఉన్నా ఇది ఆవిడ చదవలేదు. రాజేశ్వరీ చదవలేదు. ఆమెకు అరవంలో చెప్పాలి, ఎదురుగా కూర్చుని, ఆయన కుడిచేతి ముందు చెప్పాలి. చెబుతానా? ఏమో అనబోయాను. ఆ మాట ఇంక అనను. ఈ పూటకు నా దగ్గర అంత ధైర్యం లేదు. అదీ నిజం.

మరి ఇది రాసినందుకు నీకేమైనా తేలికపడిందా అని మీరడగొచ్చు. పడకూడదు. ఆయన చెయ్యి అలాగే ఉంది, ఆవిడ పేరు అలాగే ఉంది. నాకు తేలికపడటంలో న్యాయం లేదు.

పడింది.